పలకని అక్షరం పెంచిన నీతి

ఇంగ్లీషు స్పెల్లింగులు తప్పు రాసేవాళ్ళని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఘనంగా సన్మానం చెయ్యాలని నేను ఈ పత్రికాముఖంగా డిమాండు చేస్తున్నాను!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గానే చెబుతున్నాను.

ఇంగ్లీషులో కవల పిల్లల్లాంటి మాటలు బోలెడున్నాయి. దూరం నుంచి చూస్తే ఒకటే మొహం. దగ్గరికెళ్ళి పలకరిస్తే గాని వేరే మనిషని తెలీదు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందంటే చాలు, అర్థం సామాను సర్దుకుని వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. ఇదంతా పెద్ద బెడద అని చదువుకున్నవాళ్ళు గోల పెడుతుంటారు. బెడదా? కాదండీ, వరం!

మా పక్క వాటాలో లెక్కల టీచరమ్మ ఉంటుంది. పెళ్ళికి ముందు ఆవిడకి కాబోయే భర్త ‘నువ్వు నా ఏంజెల్’ అని రాయబోయి ‘నువ్వు నా యాంగిల్’ అని రాశాడు. ఆవిడ ఊరుకుంటుందా? ‘ఎన్ని డిగ్రీలు?’ అని ఎర్రసిరాతో పక్కన రాసి తిప్పి పంపింది. ‘మూడువందల అరవై. ఎటు తిరిగినా నువ్వే’ అని జవాబొచ్చింది. ఇద్దరికీ పెళ్ళయి పదేళ్ళయింది. ఆయన స్పెల్లింగు సరిగ్గా రాసుంటే ఆ పెళ్ళి జరిగేదా? రెక్కలున్న మనిషితో కాపురం ఎవరు చేస్తారు చెప్పండి!

మా వీధి చివర కాగితాలూ కలాలూ అమ్మే దుకాణం ఉంది. బోర్డు మీద స్టేషనరీ అని ఇంగ్లీషులో, ఒక అక్షరం తేడాతో రాసుంటుంది. కాని ఆ స్పెల్లింగుకి అర్థం కాగితాలూ కలాలూ కాదు, ‘కదలకుండా ఉన్నచోటే ఉండేది’ అని. ముప్ఫయ్యేళ్ళలో చుట్టుపక్కల దుకాణాలన్నీ మూతపడ్డాయి, చేతులు మారాయి, కూలిపోయాయి. అది మాత్రం కదిలితే ఒట్టు!

ఇవి చిన్నాచితకా సంగతులు. అసలు మేలు మా ఆఫీసులో జరిగింది. ఒకే ఒక్క అక్షరం లోపించడం వల్ల పద్నాలుగు మంది మనుషులు పదిహేను రోజులపాటు నీతిగా బతికారు. ఇది ఇంకెక్కడైనా విన్నారా?

నేను లిఫ్టులు అమ్మి, బిగించి, ఆగిపోతే బాగుచేసే ఒక కంపెనీ బ్రాంచిలో ఉత్తరాల గుమాస్తాని. హెడ్డాఫీసు ఎక్కడో దూరంగా ఉంటుంది. అక్కడివాళ్ళు మాట్లాడుకునేదీ తెలుగే, ఇక్కడ మేం మాట్లాడుకునేదీ తెలుగే. మధ్యలో నడిచే ఉత్తరాలు మాత్రం ఇంగ్లీషులోనే నడవాలి. తెలుగులో రాస్తే అందరికీ అర్థమైపోతుందని భయం కాబోలు!

మా బ్రాంచిలో ఇంగ్లీషు బాగా వచ్చినవాడిగా పేరు నాకే ఉంది. దానికి కారణం ఒకటే. మిగతావాళ్ళు బల్ల మీద టీ కప్పు పెట్టుకునేచోట నేను డిక్షనరీ పెట్టుకుంటాను.

ఆమధ్య హెడ్డాఫీసు నుంచి మా అందరికీ ఒక సర్వే ఫారం వచ్చింది. ‘మీరు సంతోషంగా ఉన్నారా? లేకపోతే ఎందుకు?’ అని రెండే ప్రశ్నలు. అడిగారు కదా అని మేమూ నిజమే రాశాం. మా మెకానిక్కు ‘ఊరంతటికీ నేనొక్కణ్ణే. నిద్రలో కూడా బోల్టులు బిగిస్తున్నాను. మొన్న మా ఆవిడ ముక్కు పట్టుకుని తిప్పానట’ అని రాశాడు. నేను ‘నా కుర్చీకి మూడు కాళ్ళున్నాయి. నాలుగోది నా ఎడంకాలు’ అని రాశాను. కంప్లైంట్ల అక్క ‘ఫోనెత్తే మనిషి ఇంకొకరుంటే ఒకరోజు సెలవు పెట్టుకుంటాను’ అని రాసింది.

నెల తర్వాత జవాబొచ్చింది. దాని సారాంశం ఇది: మీ బ్రాంచిలో మోరల్ బాగా పడిపోయినట్టు సర్వేలో తేలింది. వెంటనే పెంచవలెను. అందుకు కావలసిన వస్తువుల జాబితా పంపవలెను. పదిహేను రోజుల తర్వాత నివేదిక ఇవ్వవలెను.

మా మేనేజరు గారు గుండ్రంగా, మెత్తగా ఉండే మనిషి. ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టు ఎప్పుడూ తిరిగి చూస్తుంటారు. ఆ రోజు ఆ ఉత్తరం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

‘ఏమయ్యా, మోరల్ అంటే ఏమిటి?’

డిక్షనరీ తీశాను. ‘నీతి అండీ.’

‘నీతి పడిపోయిందా? ఎవరిది?’

‘బ్రాంచి మొత్తానిదండీ. మీతో కలిపి.’

‘సంతోషంగా ఉన్నారా అని అడిగి, నీతి లేదంటారేమిటయ్యా?’

‘నీతిగా బతికేవాళ్ళు ఎక్కడున్నా సంతోషంగానే ఉంటారండీ. మనం సంతోషంగా లేమని రాశాం. అంటే ఏదో తేడా ఉందని కనిపెట్టేసుంటారు’ అన్నాను.

ఈ వివరణ పూర్తిగా నా సొంతం. ఇప్పటికీ దానిమీద నాకు కొంత గౌరవం ఉంది.

అయినా ఎందుకైనా మంచిదని, ‘ఓసారి ఫోన్ చేసి అడిగితేనో?’ అన్నాను.

‘అమ్మో! అడిగితే మనకి ఇంగ్లీషు రాదనుకుంటారు. నీతి లేదన్నా సర్దుకుపోవచ్చు, ఇంగ్లీషు రాదంటే పరువేం కావాలి?’ అన్నారు మేనేజరు గారు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి, తనకి నీతి లేదని హెడ్డాఫీసు రాసిందని భార్య దగ్గర వాపోయారట. ఆవిడ కూరగాయలు తరగడం ఆపకుండానే, ‘వాళ్ళకి ఇప్పుడా తెలిసింది?’ అందట.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. మా స్టోరుకీపరుకి నీతి బాధ్యతలు అప్పగించారు. అతను గుండుసూదుల్ని కూడా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. నవ్వితే పళ్ళు అరిగిపోతాయేమో అన్నట్టు ఉంటాడు. అంతకన్నా అర్హుడు ఎవరున్నారు? హెడ్డాఫీసుకి పంపే వస్తువుల జాబితా అతనే తయారు చేశాడు: పెద్ద తాళాలు రెండు, నాలుగువందల పేజీల పుస్తకం ఒకటి, ‘నిజమే పలుకుము’ అని రాసిన బోర్డులు పది. అవి వచ్చేదాకా ఆగలేక తాళాలు తన ఇంటి నుంచే పట్టుకొచ్చాడు. సామాన్ల గదికి రెండూ వేసి, ఒక తాళంచెవి తన దగ్గర, రెండోది మెకానిక్కు దగ్గర ఉంచాడు. ఇద్దరూ కలిస్తే గాని గది తెరుచుకోదు. ఒకరిమీద ఒకరి నిఘా అన్నమాట!

ఇక పుస్తకం. అదొచ్చేదాకా ఒక పాత లెక్కల పుస్తకంతో సర్దుకున్నాం. ప్రతి మనిషీ రోజుకో తప్పు అందులో ఒప్పుకుని సంతకం పెట్టాలి. మొదటిరోజు ఎవరూ ఏమీ రాయలేదు. ‘తలకి ఒక తప్పయినా లేకపోతే నివేదిక ఏం పంపను?’ అని మేనేజరు గారు కేకలేశారు. దాంతో చేసినవాళ్ళు చేసినవి రాశారు, చెయ్యనివాళ్ళు పక్కవాళ్ళని బతిమాలి అరువు తెచ్చుకున్నారు. టైపిస్టు మూడేళ్ళ క్రితం పొరపాటున ఇంటికి తీసుకెళ్ళిన రబ్బరు, అరిగి బఠాణీ గింజంత అయినదాన్ని, కవర్లో పెట్టి తిరిగిచ్చింది. స్టేప్లర్లు కూడా వెనక్కొచ్చాయి. ఆఫీసు కొన్నవి అయిదు. తిరిగొచ్చినవి ఏడు! ఆ రెండు ఏ ఆఫీసువో ఇప్పటికీ తెలీదు.

సెలవు చీటీలయితే చదివి తీరాలి. ఒకాయన ‘నాకు జ్వరం లేదు. పరుపు మీంచి లేవాలనిపించలేదు’ అని రాసి పంపాడు. ఇవ్వననడానికి లేదు, నిజం చెప్పాడు. ఇద్దామంటే కారణం లేదు. మేనేజరు గారు గంటసేపు ఆలోచించి, దాని కింద ‘నాకూ అంతే. అయినా వచ్చాను’ అని రాసి సంతకం పెట్టారు.

ఇలా అంతా సజావుగా నడుస్తుండగా నీతి వెళ్ళి కంప్లైంట్ల అక్క మీద పడింది.

అక్క గురించి చెప్పాలి. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపలున్న ఎర్ర బొత్తాం నొక్కితే మోగేది అక్క బల్ల మీది ఫోనే. మెట్లకింద కిటికీ లేని గదిలో పదిహేడేళ్ళుగా కూర్చుని ఆ ఫోను ఎత్తుతోంది. చెవికి పెట్టుకునేది విరిగిపోయి ఏడాదయింది. అప్పటినుంచి మాటలన్నీ స్పీకర్లోనే. మెట్లెక్కేవాళ్ళందరికీ వినిపిస్తాయి. ఎవరు ఏ లిఫ్టులో ఇరుక్కున్నా, ఎంతగా అరిచినా, అక్క ఒకటే మాట చెబుతుంది: ‘కంగారు పడకండి. అయిదు నిమిషాల్లో మనిషొచ్చేస్తాడండీ.’

ఆ మనిషి అయిదు నిమిషాల్లో వచ్చిన దాఖలా ఒక్కటీ లేదు. అది అక్కకీ తెలుసు.

నాలుగోరోజు పొద్దున స్టోరుకీపరు కాగితం పట్టుకుని అక్క గదికొచ్చాడు. మేనేజరు గారు, వెనకాల నేను. ‘రోజుకి సగటున పన్నెండు ఫోన్లు. ఫోనుకి ఒక అబద్ధం. పదిహేడేళ్ళకి డెబ్బై నాలుగు వేల నాలుగు వందల అరవై. లీపు సంవత్సరాలు కలపలేదు’ అని చదివాడు.

‘మధ్యలో సెలవులుంటాయి కదా, అవి తీసెయ్యాలి’ అన్నాను, ఏదో ఒకటి తగ్గించాలని.

‘ఎప్పుడు పెట్టింది?’ అన్నాడు స్టోరుకీపరు.

అక్క మేనేజరు వైపు తిరిగింది. ‘అది కాదు సార్. పెట్టెలో ఇరుక్కున్న మనిషికి రెండు గంటలని చెబితే తలుపు గుద్దుకుంటారండీ. అయిదు నిమిషాలంటే ఊపిరి పీల్చుకుంటారు. ఆ అయిదూ అయ్యాక ఇంకో అయిదు చెబుతాను. మధ్యలో పిల్లలేం చదువుతున్నారని అడుగుతాను. అలాగే గడిపేస్తారు, పాపం.’

‘నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా. కాని హెడ్డాఫీసు రాసిందిగా’ అన్నారు మేనేజరు గారు, వెనక్కి తిరిగి చూస్తూ.

వాళ్ళిద్దరూ వెళ్ళాక అక్క నన్ను ఆపింది. ‘తమ్ముడూ, ఆ మాటకి అర్థం సరిగ్గానే చూశావా?’

‘డిక్షనరీలోనే ఉందక్కా’ అన్నాను, కాస్త పొగరుగానే.

ఆ మధ్యాహ్నం ఒక పళ్ళ డాక్టరు ఆరో అంతస్తు దగ్గర ఇరుక్కున్నాడు. ‘ఎంతసేపట్లో వస్తారు?’ అన్నాడు. ‘మెకానిక్కు ఒక్కడే ఉన్నాడండీ. ఇప్పుడు ఊరవతల ఉన్నాడు. రెండు గంటలు పట్టొచ్చు’ అంది అక్క. ‘ఈ తాడు తెగిపోదు కదా?’ అన్నాడు. ‘తెగదనే అనుకుంటున్నానండీ. నేనెప్పుడూ ఆ తాడుని చూడలేదు’ అంది. అంతే! రోజూ నలుగురి నోళ్ళు తెరిపించే మనిషి, రెండు గంటలపాటు తన నోరు మూసుకోలేదు. బయటికొచ్చి కంపెనీ మీద మూడు పేజీల ఫిర్యాదు రాశాడు.

మర్నాడు ఒక ముసలావిడ. పాత ఖాతాదారు. ఆవిడ ఉండే భవనంలో లిఫ్టు నెలకోసారయినా ఆగుతుంది. అక్క నిజం చెప్పగానే ‘ఇన్నేళ్ళూ అయిదు నిమిషాలే చెప్పేదానివి కదే తల్లీ. ఇవాళేమైంది? ఒంట్లో బాగాలేదా?’ అంది ఆవిడ.

నేను మెట్ల మీదే నిలబడి విన్నాను. కిందికి దిగి ఏదైనా చెబుదామనిపించింది. ఏం చెబుతాను? నా పని నేను సరిగ్గానే చేశాను కదా! పైకి వెళ్ళిపోయి మూడు కాళ్ళ కుర్చీలో కూర్చున్నాను.

వారం తిరిగేసరికి ఫిర్యాదులు తొమ్మిదయ్యాయి. అబద్ధం చెబితే హెడ్డాఫీసుతో తంటా, నిజం చెబితే ఖాతాదారులతో తంటా. మేనేజరు గారు బుర్ర గోక్కుని, గోక్కుని, అక్కని ఫోను నుంచి తప్పించి పాత కాగితాలు సర్దే పని ఇస్తానన్నారు. ‘వద్దు సార్. నెలాఖరుకి మానేస్తాను. ఇరుక్కున్న మనుషులతో తప్ప వేరేవాళ్ళతో మాట్లాడటం నాకు అలవాటు పోయింది’ అని అక్క రాజీనామా కాగితం బల్ల మీద పెట్టింది. మేనేజరు గారు దాన్ని పేపరువెయిటు కింద దాచి, చూడనట్టు కూర్చున్నారు.

అక్కడ హెడ్డాఫీసులో పెద్దాఫీసరు గారికి మా జాబితా అందింది. తాళాలు రెండు, పుస్తకం ఒకటి, బోర్డులు పది. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి చదివినా ఏమీ బోధపడలేదట. ఇదేదో స్వయంగా చూడాల్సిందేనని బయల్దేరి వచ్చేశారు.

మూడో అంతస్తులో మేమంతా బారులు తీరాం. మేనేజరు గారి చేతిలో పూలగుత్తి. కింద కారాగింది. లిఫ్టు కదిలింది. ఒకటి దాటింది, రెండు దాటింది, ఆగిపోయింది.

మా సొంత లిఫ్టే! ఊళ్ళో లిఫ్టులన్నీ చూసేసరికి దాన్ని చూడటానికి మెకానిక్కుకి తీరికుండదు.

‘సార్! ధైర్యంగా ఉండండి సార్!’ అని మేనేజరు గారు తలుపు సందులోంచి అరిచారు. లిఫ్టుని చేత్తో తిప్పి కిందికి దింపే ఇనప పిడి ఒకటుంది. అది సామాన్ల గదిలో ఉంది. గదికి రెండు తాళాలున్నాయి. ఒక తాళంచెవి స్టోరుకీపరు దగ్గరుంది. రెండోది మెకానిక్కు జేబులో, ఊరవతల ఉంది!

నేను పరిగెత్తుకుంటూ మెట్లు దిగి అక్క గదికెళ్ళేసరికి ఫోను మోగుతోంది.

‘హలో! లిఫ్టు ఆగిపోయింది!’

‘ఏ భవనమండీ?’

‘మీ భవనమే!’

‘ఓ, ఇదా. ఇది ఆగుతూనే ఉంటుందండీ’ అంది అక్క నీరసంగా.

‘మనిషి ఎంతసేపట్లో వస్తాడు?’

‘కబురు పెడతానండీ. గంటన్నర పైనే పడుతుంది.’

‘గంటన్నరా! నాకు ఊపిరాడట్లేదమ్మా. అయిదు నిమిషాలనో, పది నిమిషాలనో ఏదో ఒకటి చెప్పకూడదా?’

‘ఇదివరకు అలాగే చెప్పేదాన్నండీ. మా మోరల్ పడిపోయిందని హెడ్డాఫీసువాళ్ళు రాశారు. అప్పట్నుంచి నిజమే చెబుతున్నాను.’

‘ఎవరు రాశారన్నావు?’

‘ఎవరో పెద్దాఫీసరటండీ. సంతకం పురుగు పాకినట్టుంది.’

‘నేనేనమ్మా అది!’

అక్క నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

‘మోరల్ కాదమ్మా! మొరాల్! మొ-రా-ల్!’ అని స్పీకరు పగిలేలా అరిచారాయన.

‘రెండూ ఒకటేగా అండీ?’

‘ఒకటి కాదు! ఎమ్, ఓ, ఆర్, ఏ, ఎల్, చివర ఇ! ఆ ఇ ని పలకరు, కాని రాయాలి! మొరాల్ అంటే నీతి కాదు. ఉత్సాహం. అంటే... పొద్దున్న లేవగానే ఆఫీసుకి వెళ్ళాలనిపించడం.’

‘దానికి ఇంగ్లీషులో ఒక మాట కూడా ఉందా అండీ?’ అంది అక్క. వెటకారం కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

నేను పైకెళ్ళి ఆ ఉత్తరం తెచ్చి, వెలుతురుకి పెట్టి చూశాను. ‘సార్, ఇందులో ఇ లేదండీ’ అన్నాను.

‘లేకపోవడమేమిటయ్యా! టైపు చేసిందెవరు, ముందు వాణ్ణి...’ అని ఆగిపోయారు. కాస్త తగ్గి, ‘టైపు చేసింది నేనే’ అన్నారు. ఆ పదిహేను రోజుల్లో అంత కష్టపడి నిజం చెప్పిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

తర్వాత డిక్షనరీ కూడా చూశాను. నీతి ఉన్న పేజీలోనే, సరిగ్గా దాని కిందే ఉత్సాహం ఉంది. నేను మొదటిదాని దగ్గరే పుస్తకం మూసేశాను.

ఫోనులో ఆయన ఆయాసపడటం వినిపిస్తోంది. అక్క కుర్చీ ముందుకి లాక్కుంది.

‘అయితే సార్, ఇప్పుడు అబద్ధం చెప్పొచ్చాండీ?’

‘చెప్పు తల్లీ. నీకు దండం పెడతాను.’

‘కంగారు పడకండి. అయిదు నిమిషాల్లో మనిషొచ్చేస్తాడండీ.’

ఆయన గట్టిగా ఊపిరి వదలడం నేను నా చెవులతో విన్నాను. అబద్ధమని తెలుసు, అడిగి మరీ చెప్పించుకున్నారు, అయినా పనిచేసింది! ఆ తర్వాత అయిదు మీద అయిదు, అయిదు మీద అయిదు చొప్పున గంటా నలభై నిమిషాలు అక్క ఆయన్ని మోసింది. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలనీ, చిన్నది అన్నం దగ్గర పేచీ పెడుతుందనీ, పెద్దదానికి బొమ్మలు గీయడం పిచ్చనీ మాకందరికీ తెలిసిపోయింది. ‘ఏ అంతస్తులో ఉంటారండీ?’ అని అక్క అడిగితే, ‘కింది అంతస్తులోనే. లిఫ్టంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం’ అన్నారు లిఫ్టుల కంపెనీ పెద్దాఫీసరు గారు.

మెకానిక్కు వచ్చి, రెండు తాళాలూ తెరిచి, పిడి తిప్పి ఆయన్ని దింపాడు. మేనేజరు గారి చేతిలో పూలు అప్పటికే తలలు వాల్చేశాయి. పెద్దాఫీసరు గారు పూలు పట్టించుకోకుండా నేరుగా మెట్లకింద గదికెళ్ళి అక్కకి నమస్కారం పెట్టారు. జేబు పుస్తకం తీసి, మేం చెప్పినవన్నీ రాసుకున్నారు. రెండో మెకానిక్కు. ఫోనెత్తడానికి రెండో మనిషి. చెవికి పెట్టుకునేది. నా కుర్చీకి నాలుగో కాలు. ‘అన్నీ వచ్చేస్తాయి’ అన్నారు. వెళ్ళేటప్పుడు మెట్ల మీంచే దిగారు.

అక్క రాజీనామా కాగితం పేపరువెయిటు కింద నుంచి మాయమైంది. ఎవరు చించారని ఎవరూ అడగలేదు. నీతి పుస్తకంలో మిగిలిన పేజీలు టీ లెక్కలకి పనికొచ్చాయి.

నెల తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి కవరొచ్చింది. మేనేజరు గారు అందర్నీ పిలిచి, మధ్యలో నిలబడి చించారు. లోపల ఒకే ఒక కాగితం. ‘మా ముందటి ఉత్తరంలో మోరల్ అని ఉన్నచోట మొరాల్ అని సవరించి చదువుకోవలెను.’ అంతే. కాగితం తిరగేశారు. వెనక ఏమీ లేదు. స్టోరుకీపరు కవరు దులిపి, లోపల వేలు పెట్టి కూడా చూశాడు.

మెకానిక్కు రాలేదు. రెండో మనిషి రాలేదు. కుర్చీ కాలు రాలేదు. ఇ ఒక్కటే వచ్చింది! అదీ పలకని అక్షరం!

ఇప్పుడు చెప్పండి, నా డిమాండులో తప్పేముంది? నీతి పెంచాలంటే ఒక పుస్తకం, పది బోర్డులు, రెండు తాళాలు చాలు. ఆ తాళాలు కూడా గుమాస్తాలు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ఉత్సాహం పెంచాలంటే మనుషులు కావాలి, కుర్చీలు కావాలి, సెలవులు కావాలి. ఏ కంపెనీ అయినా ఈ రెండు మాటల్లో ఏది ఎంచుకుంటుంది? ఒక్క అక్షరం ఎగరగొట్టి అంత ఖర్చు తప్పించిన మనిషికి సన్మానం చెయ్యకపోతే ఇంకెవరికి చేస్తాం?

పోయిన వారం సర్వే ఫారాలు మళ్ళీ వచ్చాయి. ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ ఇరవై నిమిషాల్లో అన్నీ నిండిపోయాయి. మెకానిక్కు ‘చాలా’ అని రాశాడు. నేను ‘చాలా చాలా’ అని రాశాను. మేనేజరు గారు ‘మిక్కిలి’ అని రాసి కింద రెండు గీతలు గీశారు.

అక్క దగ్గర ఫారం తీసుకోవడానికి నేనే వెళ్ళాను. ఫోనుకీ ఫోనుకీ మధ్య రాసి, మడిచి ఇచ్చింది.

‘ఏం రాశావక్కా?’

‘నాకు ఏ లోటూ లేదని రాశాను.’

‘నిజంగానా?’

‘నోర్మూసుకుని పట్టుకెళ్ళు తమ్ముడూ. పోయినసారి నిజం రాస్తే ఏమైందో చూశావుగా. ఈసారి ఏ అక్షరం పోగొట్టుకుంటారో ఎవరికి తెలుసు?’ అని ఫోనెత్తింది.

నిన్న హెడ్డాఫీసు నుంచి అభినందన పత్రం వచ్చింది. కంపెనీ మొత్తం మీద మొరాల్ అందరికన్నా ఎక్కువ ఉన్న బ్రాంచి మాదేనట. దానికి అద్దం కట్టించి మేనేజరు గది గోడకి తగిలించాం. వచ్చినవాళ్ళంతా చదివి వెళుతున్నారు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఈసారి స్పెల్లింగు ఎక్కడా తప్పు లేదు.